రెండేళ్లలో రెండు లీఫ్ బ్లోయర్లు పోయాయి, ఇప్పుడు ఏ బ్రాండ్ కొనాలి?

జార్జియాలో కమింగ్ అనే ఊరి దగ్గర అర ఎకరం లాట్, ఇంటి వెనక అంతా ఓక్, స్వీట్‌గమ్ చెట్లు, రెండేళ్లలో రెండు గ్యాస్ బ్లోయర్లు, అంటే పెట్రోలుతో నడిచే ఆకులు ఊదే మిషన్లు, పోయాయి, నవంబర్‌లో ఆకు రాలకముందే మూడోది కొనాలి, ఎకోనా, స్టిల్లా, హస్క్‌వర్నానా అని అడిగారు. మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగాను. రెండు మిషన్లూ మొదటి సీజన్ బ్రహ్మాండంగా నడిచాయి, రెండో సీజన్‌లో తాడు లాగీ లాగీ భుజం పోయింది తప్ప స్టార్ట్ కాలేదు అన్నారు. రెండు వేరే వేరే కంపెనీల మిషన్లు ఒకే తీరుగా, ఒకే సమయానికి మొండికేశాయంటే నా అనుమానం ముందు మీ గరాజ్‌లో ఉన్న ఎర్ర పెట్రోలు డబ్బా మీదికి పోతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీరు అడిగినదానికి సమాధానం.

మీ స్థానంలో నేనుంటే ఎకో పీబీ-2520 కొంటాను. 25.4 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్, బరువు 8.6 పౌండ్లు, గాలి నిమిషానికి 453 ఘనపుటడుగులు (సీఎఫ్ఎం), వేగం గంటకు 170 మైళ్లు. హోమ్ డిపోలో దొరుకుతుంది. ఇంటి వాడకానికి ఐదేళ్ల వారంటీ ఇస్తారు. మీ ఇంటికి పావుగంట దూరంలో స్టిల్ డీలర్ ఉండి, ఆ దుకాణం వెనక నిజంగా మిషన్లు విప్పే బెంచీ, అక్కడ పనిచేసే మనిషి ఉంటే మాత్రం స్టిల్ బీజీ 50 తీసుకోండి. ఇంకో వంద డాలర్లు పెట్టగలిగితే బీజీ 86. హస్క్‌వర్నా 125బిని మూడో స్థానంలో పెడతాను. అది చెడ్డదని కాదు, అదే ధరకు ఎకో వారంటీ ఎక్కువని.

నేను పగలు అందరిలాగే కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. సాయంత్రాలు, శనివారాలు మాత్రం గరాజ్‌లో ఈ చిన్న ఇంజిన్లతోనే గడుస్తాయి. పదిహేనేళ్లుగా ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ చుట్టుపక్కల మనవాళ్ల బ్లోయర్లు, గడ్డి కత్తిరించే ట్రిమ్మర్లు నా దగ్గరికే వస్తాయి. ఈ పని నేర్చుకున్నది మాత్రం ఇక్కడ కాదు, నరసరావుపేటలో మా మేనమామ షాపులో. ఆయన పత్తి, మిర్చి రైతుల పవర్ స్ప్రేయర్లు బాగు చేసేవాడు. వీపుకి తగిలించుకుని మందు కొట్టే టూ-స్ట్రోక్ మిషన్ మీకు గుర్తుండే ఉంటుంది. మందు ట్యాంకు తీసేస్తే మిగిలేది లీఫ్ బ్లోయరే. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు. అమెరికాలో మొదట్లో తోటపనివాళ్లు జపాన్ వ్యవసాయ స్ప్రేయర్ల మందు భాగాలు ఊడదీసి వట్టి గాలితో ఆకులు ఊదడం మొదలుపెట్టారు, అది చూశాకే కంపెనీలు విడిగా బ్లోయర్లు చేశాయి. ఎకో మాతృసంస్థ కియోరిట్జ్ కూడా స్ప్రేయర్ల కంపెనీయే. 2008లో అది షిండైవాతో కలిసి యమాబికో అయింది. కాబట్టి షిండైవా పేరుతో బ్లోయర్ కనిపిస్తే అది ఎకోకి తోబుట్టువు అనుకోండి. రెడ్‌మ్యాక్స్ కూడా అలాగే ఇప్పుడు హస్క్‌వర్నా గూటిలోదే.

బ్రాండ్ల గురించి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో జరిగే వాదనలు నాకు తెలుసు. స్టిల్ అంటే జర్మన్, ఎకో అంటే జపాన్, హస్క్‌వర్నా అంటే స్వీడన్, ఇక మిగతావన్నీ చెత్త అని. ఇంత తేలిగ్గా తేలదు. స్టిల్ 1926లో స్టుట్‌గార్ట్‌లో మొదలైన మాట నిజమే కానీ, 1974 నుంచి వాళ్లకు వర్జీనియా బీచ్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉంది. హస్క్‌వర్నా 1689లో తుపాకులు చేసే ఫ్యాక్టరీగా పుట్టింది. ఈ చరిత్రలేవీ మీ గరాజ్‌లో ఇంజిన్ స్టార్ట్ చేయవు. ఈ మూడు కంపెనీల ఇంజిన్లూ, మంచి పెట్రోలు పోస్తే, అర ఎకరం ఇంటి వాడకానికి పదేళ్లు ఆగుతాయి. వీటి మధ్య తేడా పాడైనప్పుడు ఎవరు బాగు చేస్తారు, పార్టు ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నదగ్గరే ఉంటుంది.

స్టిల్ మిషన్లు హోమ్ డిపోలోనో లోస్‌లోనో దొరకవు. డీలర్లు అమ్ముతారు, ఏస్ హార్డ్‌వేర్ లాంటి కొన్ని దుకాణాల్లోనూ ఉంటాయి. దీన్ని కొందరు తలనొప్పి అనుకుంటారు. నాకు మాత్రం అది దాని బలం అనిపిస్తుంది. మంచి డీలర్ మిషన్‌ను పెట్టెలోంచి తీసి, పెట్రోలు పోసి, మీ ముందు స్టార్ట్ చేసి, రేసిచ్చి చూపించి మరీ ఇస్తాడు. చలిలో ఎలా చోక్ పెట్టాలో మీ చేతే చేయిస్తాడు. ఇది అయిదు నిమిషాల పని, కానీ నా దగ్గరికి వచ్చే బ్లోయర్లలో బోలెడన్ని ఆ అయిదు నిమిషాలు ఎవరూ నేర్పక ఇంధనం నిండిపోయి ప్లగ్గు తడిసినవే. కొనేటప్పుడే వాళ్ల ఆయిల్ డబ్బాలు కూడా తీసుకుంటే వారంటీ పెంచే పథకం స్టిల్‌కు ఉంటుంది, అడగడం మర్చిపోకండి.

బీజీ 50, బీజీ 56, బీజీ 86 మూడింటి ఇంజిన్ సైజు ఒకటే, 27.2 సీసీ. ఇంజిన్ అంతే అయినప్పుడు ధర ఎందుకు పెరుగుతుందని అడుగుతారు. బీజీ 86లో వణుకు తగ్గించే స్ప్రింగులు ఉంటాయి, గాలి ఎక్కువ. గంటసేపు పట్టుకుని దించాక వేళ్లు తిమ్మిరెక్కకుండా ఉండటం విలువ ఏమిటో నలభై దాటినవాళ్లకు చెప్పక్కర్లేదు. బీజీ 50 తేలిక, దాదాపు 8 పౌండ్లు. ఇంట్లో మిగతావాళ్లు కూడా పట్టుకునే పనైతే అదే మేలు.

సీఎఫ్ఎం, ఎంపీహెచ్ అంకెల గురించి ఒక మాట. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కదులుతోందో, ఎంపీహెచ్ అంటే గొట్టం మూతి దగ్గర అది ఎంత వేగంగా వస్తోందో. మూతి సన్నం చేస్తే వేగం ఎంతైనా పెంచి చూపించొచ్చు, అందుకే తక్కువ ధర పెట్టెల మీద 200 పైన వేగం పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఆకుల కుప్పను కదిలించేది గాలి పరిమాణం. తడిసి నేలకు అతుక్కున్న ఓక్ ఆకును లేపేది వేగం. రెండూ కావాలి. ఇప్పుడు చాలా కంపెనీలు న్యూటన్లలో ఊదే బలం కూడా చెప్తున్నాయి, ఆ అంకె దొరికితే దాన్ని పట్టుకుని పోల్చుకోండి. ఇంకోటి, స్వీట్‌గమ్ కాయలు, ఆ ముళ్ల బంతులు, ఏ చేతి బ్లోయర్‌తోనూ పచ్చికలోంచి పూర్తిగా రావు. వాటికి రేక్ పట్టాల్సిందే. వాటి కోసమని ఎక్కువ పెట్టి పెద్ద మిషన్ కొనకండి.

ఇక ఎవరూ చూడని చోటికి వస్తాను. షాపులో బ్లోయర్ తిప్పి చూస్తే ఇంజిన్ కవర్ మీదో కిందో చిన్న ఉద్గారాల స్టిక్కర్ ఉంటుంది. అందులో ఒక అక్షరం గానీ, గంటల సంఖ్య గానీ ఉంటుంది. సీ అంటే 50 గంటలు, బీ అంటే 125, ఏ అంటే 300. ఇంజిన్ అన్ని గంటలు నడిచాక కూడా పొగ నిబంధనల లోపలే ఉంటుందని కంపెనీ అమెరికా ప్రభుత్వానికి చూపించిన లెక్క అది. మిషన్ ఆయుష్షు అంతేనని దాని అర్థం కాదు. 50 గంటల ఇంజిన్ 200 గంటలు నడవొచ్చు. కానీ ఏ ఇంజిన్‌ను ఎంత వాడకం దృష్టిలో పెట్టుకుని చేశారో చెప్పే నిజాయితీ గల అంకె ఆ పెట్టె మొత్తానికి ఇదొక్కటే. మీ లెక్క వేద్దాం. నవంబర్ నుంచి జనవరి వరకు, ఎందుకంటే మన వాటర్ ఓక్‌లు సంక్రాంతి దాకా ఆకు వదలవు, పది వారాలు, వారానికి రెండు గంటలు. మిగతా ఏడాదంతా గడ్డి కోశాక డ్రైవ్‌వే ఊదడం ఇంకో పది గంటలు. ఏడాదికి 30 గంటలు. 50 గంటల మిషన్ రెండేళ్లు నిండకముందే ఆ లెక్క దాటేస్తుంది. 300 గంటలది పదేళ్లకు దాటుతుంది. ఒకే షెల్ఫ్ మీద పక్కపక్కన ఉన్న రెండు మిషన్లలో ఈ తేడా ఉండొచ్చు, ధర తేడా యాభై డాలర్లే అయినా సరే.

తక్కువ ధర ఇంజిన్లలో ఇంకో ఆదా కూడా చేస్తారు. పిస్టన్ తిప్పే ఇరుసుకు, అంటే క్రాంక్ షాఫ్ట్‌కు, రెండు వైపులా బేరింగ్ పెట్టకుండా ఒక్క వైపే పెడతారు. మామూలు భాషలో చెప్పాలంటే బావి గిలకను రెండు స్తంభాల మీద కాకుండా ఒక్క స్తంభానికి తగిలించినట్టు. కొత్తలో ఏమీ తెలియదు. నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతూ రెండు మూడు సీజన్లు గడిచాక బేరింగ్ లూజై, సీలు పక్కనుంచి గాలి పీల్చి, మిశ్రమం పలచబడి, అంటే గాలి ఎక్కువై పెట్రోలు, నూనె తగ్గి, పిస్టన్ వేడెక్కి పోతుంది. డీలర్ దగ్గర కొంటే క్రాంక్‌కి రెండు వైపులా బేరింగ్ ఉందా అని అడగండి. తెలిసిన డీలర్ అయితే ఈ ప్రశ్న వినగానే నవ్వి, లోపలికి తీసుకెళ్లి చూపిస్తాడు.

ఇప్పుడు పెట్రోలు. టూ-స్ట్రోక్‌లో కారుకున్నట్టు విడిగా ఆయిల్ సంపు ఉండదు. పిస్టన్‌కు, బేరింగులకు అందే నూనె అంతా మీరు పెట్రోల్లో కలిపిందే. ఊళ్లో లూనాకు బంకులో టూటీ ఆయిల్ కొట్టించుకున్నట్టే. ఇక్కడ లెక్క 50కి 1. ఒక గ్యాలన్ పెట్రోలుకు 2.6 ఔన్సుల ఆయిల్. సరిగ్గా ఆ కొలతతోనే చిన్న సీసాలు అమ్ముతారు, అవే కొనండి, కళ్లతో కొలవకండి. పెట్రోలు కనీసం 89 ఆక్టేన్ (పంపు మీద రాసి ఉండే పెట్రోలు రకం అంకె) ఉండాలని ఎకో, స్టిల్ రెండు పుస్తకాల్లోనూ రాసి ఉంటుంది. మామూలు 87 పోసి నడుపుతున్నవాళ్లు ఉన్నారు, నడుస్తుంది కూడా, కానీ వేసవిలో మన జార్జియా ఎండకు ఆ కాస్త తేడా ఇంజిన్‌కు మంచిదే.

అసలు విలన్ ఇథనాల్. ఇక్కడ పంపులో వచ్చే పెట్రోల్లో మామూలుగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. కొన్ని పంపుల్లో 15 శాతం కూడా వస్తోంది, కొన్ని సెంట్లు చవగ్గా. అది కార్లకు పర్వాలేదేమో కానీ, బ్లోయర్లు, ట్రిమ్మర్లలో పోయడం చట్టప్రకారమే నిషేధం, పంపు మీద స్టిక్కర్ కూడా ఉంటుంది. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. మన ఆగస్టు ఉక్కపోతలో గరాజ్‌లో సగం డబ్బా పెట్రోలు రెండు మూడు నెలలు కూర్చుంటే, ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి. బ్లోయర్ ట్యాంకులో పెట్రోలు పీల్చే ఫిల్టర్ ఎక్కడుంటుంది? అడుగునే. కాబట్టి అది మొదట పీల్చేది నూనె సరిగ్గా లేని ఆ నీళ్ల కషాయాన్నే.

పోయిన నెల ఒకాయన తెచ్చిన బ్లోయర్ సంగతి చెప్తాను. మిషన్ చూడటానికి కొత్తదిలా మెరుస్తోంది. రెండు స్క్రూలు విప్పి కార్బ్యురేటర్ బయటికి తీశాను. మూత తెరిస్తే లోపల నెయ్యి పేరుకున్నట్టు ఆకుపచ్చ జిగురు. డయాఫ్రమ్ అంటే పలచటి రబ్బరు పొర, చిటికెన వేలితో నొక్కితే మెత్తగా దిగాలి. ఇది వేయించని అప్పడంలా బిరుసుగా ఉంది, నొక్కితే టక్కుమంది. ట్యాంకులోని సన్నటి పెట్రోలు పైపు పట్టుకోగానే రెండు ముక్కలై చేతికి వచ్చింది. ఆయన గత జనవరిలో చివరిసారి వాడి, సగం ట్యాంకు అలాగే ఉంచి మేకుకు తగిలించారు. మళ్లీ పోయిన నెలే దించారు. డయాఫ్రమ్ కిట్, పైపులు, ఫిల్టర్ కలిపి ఇరవై డాలర్ల లోపే, ఒక గంట పని. ఆయన కొత్తది కొనడానికి కార్లో బయల్దేరి, దారిలో నాకు ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది. అది మీ మొదటి బ్లోయర్ కథ లాగే లేదూ?

వారంటీలు ఈ విషయంలో మిమ్మల్ని కాపాడవు. ఐదేళ్లయినా రెండేళ్లయినా, పాత పెట్రోలు వల్ల పాడైతే ఏ కంపెనీ ఒప్పుకోదు. సర్వీస్ సెంటర్‌లో మొదట చేసే పని ట్యాంకు మూత తీసి చూడటమే.

కాబట్టి నేను చేసేది చెప్తాను. సీజన్‌లో ఒక్కసారి ఒక్క గ్యాలనే కలుపుతాను. డబ్బా మీద మాస్కింగ్ టేపు అతికించి కలిపిన తారీఖు రాస్తాను. నెల దాటితే ఆ మిగిలింది బ్లోయర్‌లో పోయను. లేక్ లానియర్ చుట్టూ పడవలవాళ్ల కోసం ఇథనాల్ లేని పెట్రోలు అమ్మే బంకులు ఉన్నాయి, మీ దారిలో పడితే అక్కడ పట్టించుకోండి. గ్యాలన్‌కు డాలరో ఎక్కువో పడుతుంది, కానీ మీకు ఏడాదికి ఎన్ని గ్యాలన్లు కావాలి కనుక. అదీ కుదరకపోతే ఆయిల్ కలిపి సీలు వేసి అమ్మే డబ్బా ఇంధనం ఉంది. లీటరు పాల ప్యాకెట్ ధర చూసే అలవాటున్న మనకు దాని ధర చూస్తే గుండె ఆగుతుంది. ఏడాదికి పది గంటలు కూడా వాడనివాళ్లకు మాత్రం అదే లాభం, ఎందుకంటే తెరవని డబ్బా రెండేళ్లయినా చెడదు.

చివరి వాడకం అయ్యాక ట్యాంకు పూర్తిగా ఒంపేసి, కాస్త ఆ డబ్బా ఇంధనం పోసి అయిదు నిమిషాలు నడపండి. తర్వాత అదీ ఒంపేసి, దానంతటది ఆగిపోయేదాకా నడవనివ్వండి. పూర్తిగా ఎండగడితే డయాఫ్రమ్ ఎండి బిరుసెక్కుతుందని, కాస్త మంచి ఇంధనం లోపల ఉంచాలని కొందరు మెకానిక్‌లు అంటారు. ఈ వాదన ఎప్పటికీ తెగదు. నేను పదేళ్లుగా ఎండగడుతున్నాను, నా మిషన్లకు ఏమీ కాలేదు.

మా బావమరిది సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఆయన చదవడు కనుక ధైర్యంగా రాస్తున్నాను. థాంక్స్‌గివింగ్ ముందు రోజు నా బ్లోయర్ పట్టుకెళ్లాడు. ఇంధనం అయిపోతే వాళ్ల గడ్డి మిషన్ డబ్బాలోంచి పోశాడు. రెండు డబ్బాలూ ఎర్రవే, ఒకేలా ఉంటాయి. అందులో ఉన్నది వట్టి పెట్రోలు, ఆయిల్ లేదు. పది నిమిషాలు కూడా నడవలేదు, కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే రాయిలా ఉంది. సైలెన్సర్ విప్పి లోపలికి టార్చ్ వేస్తే పిస్టన్ పక్కన నిలువునా గీతలు, ఇసుక కాగితంతో రుద్దినట్టు. ఇంజిన్ పట్టేసింది. ఆ రోజు నుంచి మా గరాజ్‌లో మిక్స్ డబ్బా పిడికి పసుపుపచ్చ టేపు చుట్టి ఉంటుంది, మూత మీద తెలుగులో "ఆయిల్ కలిపినది" అని రాసి ఉంటుంది. మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు కానీ, పసుపు టేపు అర్థమవుతుంది.

ఇంకో మామూలు రోగం. మిషన్ స్టార్ట్ అవుతుంది, స్లోలో బాగానే కొట్టుకుంటుంది, రేసిస్తే మాత్రం గొంతు పట్టేసినట్టు బలం రాదు. చాలామంది కార్బ్యురేటర్ మార్చేస్తారు. ముందు సైలెన్సర్ బయటి ద్వారం దగ్గర చిన్న ఇనుప జాలీ ఉంటుంది, నిప్పురవ్వలు బయటకు రాకుండా ఆపేది, అది చూడండి. మసి పట్టి మూసుకుపోయి ఉంటుంది. విప్పి తీగ బ్రష్‌తో రుద్ది, లేదా చిన్న టార్చ్ మంటలో ఎర్రగా కాల్చి మసి రాల్చేయండి. ఖర్చు సున్నా. కార్బ్యురేటర్ మీది స్క్రూలను మాత్రం తెలియకుండా తిప్పకండి. పొగ నిబంధనల కోసం ఫ్యాక్టరీలో మిశ్రమం పలచగానే పెట్టి ఉంటుంది, ఇంకా పలచబడితే పిస్టన్ కాలిపోతుంది.

మీ ఆయన బ్యాటరీది కొందాం అంటున్నారని కూడా రాశారు. ఆయన మాట కొట్టిపారేయలేను. పావు ఎకరం లాట్, పొడి ఆకులు, డ్రైవ్‌వే అయితే నేనూ అదే అంటాను. పొగ విషయంలోనూ ఆయనదే న్యాయం. ఎక్కువగా అమ్ముడయ్యే ఒక కమర్షియల్ గ్యాస్ బ్లోయర్ గంటసేపు నడిస్తే వచ్చే పొగ, 2017 టొయోటా క్యామ్రీ కారులో దాదాపు 1100 మైళ్లు పోతే వచ్చే పొగతో సమానమని కాలిఫోర్నియా వాయు కాలుష్య బోర్డు లెక్క. కానీ మీ అర ఎకరంలో తడి ఓక్ ఆకులను ఫుల్ స్పీడ్‌లో ఊదితే చేతి బ్యాటరీ బ్లోయర్ పావుగంట, ఇరవై నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. ఇంకో రెండు బ్యాటరీలు కొంటే మొత్తం ఖర్చు గ్యాస్ మిషన్ ధరకు రెండింతలు దాటుతుంది. మీరిద్దరూ జార్జియాలోనే ఉంటారా అన్నది కూడా ఆలోచించండి. ఇక్కడ 2023లో వచ్చిన చట్టం వల్ల ఊళ్లు, కౌంటీలు గ్యాస్ బ్లోయర్లను వేరుచేసి నిషేధించడానికి లేదు. అదే వాషింగ్టన్ డీసీలో 2022 జనవరి నుంచి వాడకమే నిషేధం. మనవాళ్లు ఎక్కువగా ఉండే మేరీలాండ్ మాంట్‌గోమరీ కౌంటీలో 2024 జులై నుంచి అమ్మకం, 2025 జులై నుంచి వాడకం ఆగిపోయాయి. కాలిఫోర్నియాలో 2024 మోడళ్ల నుంచి కొత్తవి పొగ లేనివే అయ్యుండాలి. కంపెనీలు కూడా మెల్లగా ఇటు నుంచి తప్పుకుంటున్నాయి. మకీటా 2022 మార్చితో ఇంజిన్ మిషన్ల తయారీ ఆపేసింది. వాళ్ల ఫోర్-స్ట్రోక్ బ్లోయర్‌కు ఆయిల్ కలిపే పనే ఉండేది కాదు, నాకు ఇష్టమైన మిషన్, ఇప్పుడు కొనమని చెప్పలేను. ఉద్యోగం మారి అటు వెళ్లే ఆలోచన ఉంటే మీ ఆయన మాట వినండి. ఏది కొన్నా చెవులకు రక్షణ లేకుండా నడపొద్దు, ముఖ్యంగా గ్యాస్‌ది.

సెకండ్ హ్యాండ్‌లో డీలర్ రకం మిషన్ కనిపిస్తే చిన్న పరీక్ష. ప్లగ్గు బిగించే ఉంచి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీయండి. కంప్రెషన్ బాగుంటే తాడు ఆగి ఆగి, మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగుతుంది. ఒక్కసారిగా సర్రున జారిపోతే పిస్టన్ రింగులు అరిగినట్టే, ఎంత చవకైనా వదిలేయండి.

కొత్తది కొనేముందు గరాజ్‌లో పడున్న ఆ రెండు పాతవి బయటికి తీయండి. మా మామయ్య షాపులో స్ప్రేయర్ రాగానే ప్లగ్గు జోలికో కార్బ్యురేటర్ జోలికో వెళ్లనిచ్చేవాడు కాదు, "ముందు మూత తీసి వాసన చూడరా" అనేవాడు. మీరూ అదే చేయండి. కొత్త పెట్రోలు వాసన ముక్కుకు గుచ్చుకుంటుంది. పాడైంది పాత పెయింటు డబ్బాలా, పులిసినట్టు వస్తుంది. అలా వస్తే ఒంపి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి, అడుగున వేరే పొర కనిపిస్తుందేమో చూడండి. తర్వాత రెండింటి తాడూ మెల్లగా లాగండి, చేతికి బిగువు తగులుతుందో లేదో. సైలెన్సర్ విప్పగలిగితే పిస్టన్ పక్కన గీతలు ఉన్నాయేమో ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. పిస్టన్ నున్నగా ఉంటే ఆ రెండింటిలో ఒకటి ఇరవై డాలర్లతో లేస్తుంది, నవంబర్ దాకా మీకు టైమ్ ఉంది. వాసన ఎలా ఉంది, సీసాలో పొర వచ్చిందా లేదా రాయండి, ఏ కిట్ తెప్పించాలో మోడల్ నంబర్ చూసి చెప్తాను.